ఎర్ర పెట్టె తెరిచి ఎన్నాళ్లయింది?

గత నెల మా వీధి చివరి అపార్టుమెంటులో, మూడో అంతస్తు బాల్కనీలో పడేసిన పాత పరుపులు అంటుకున్నాయి. వాచ్‌మన్ ఫైరు గొట్టం ఉండే ఎర్ర పెట్టె అద్దం పగలగొట్టి గొట్టం లాగాడు, వాల్వు తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది, తర్వాత గుప్పెడు తుప్పు నీళ్లు. అంతే. పక్క ఫ్లాట్ల వాళ్లు బకెట్లతో ఆర్పారు. ఆ పెట్టెలో వేలాడే కార్డు మీద మాత్రం నెలనెలా సంతకాలున్నాయి.

మళ్లీ ఎండలు ముదురుతున్నాయి. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో ఆరుగురు, 2025 మేలో హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గరి ఇంట్లో 17 మంది పోయింది ఈ కాలంలోనే.

అగ్గిపెట్టెలు దూరంగా పెట్టుకోమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఈ ఫైరు పంపుల మధ్యే పనిచేస్తున్నవాడిగా నేను పదే పదే చూసిన తప్పు ఒక్కటే: నీళ్లు వదలకుండా తనిఖీ అయిపోయిందనుకోవడం.

ముందు పంపు సంగతి. పైపుల్లో ఒత్తిడి తగ్గగానే దానంతటదే తిరగాల్సిన పంపు అది. ఎక్కడో చిన్న కారుడు ఉంటుంది, పడిపోయిన ఒత్తిడిని నింపే చిన్న పంపు, జాకీ పంపు, పది నిమిషాలకోసారి మోగుతుంది. నిద్ర పట్టడం లేదని ఒకరు, కరెంటు బిల్లని ఇంకొకరు. కారుడు ఆపించడం మానేసి స్విచ్చిని ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పేస్తారు. ఇక పై అంతస్తులో వాల్వు ఎంత తిప్పినా, కింద సెల్లారులో ఎవరో బటన్ నొక్కితే తప్ప నీళ్లు రావు. కంటితో చూస్తే ఇది తెలియదు. నీళ్లు వదిలితేనే తెలుస్తుంది.

ఇక గొట్టం. చక్కగా మడిచి ఉంటే బాగున్నట్టు కాదు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చోటే చిరుగుతుంది. గొట్టం కొసన బిగించే కప్లింగు లోపల వేలు పెట్టి చూడండి, రబ్బరు వాషరు ఉండదు, లేదా గట్టిపడి బిళ్లలా రాలుతుంది. ఆ రబ్బరుకు నూనె రాయకండి.

రీలుకు చుట్టిన సన్న గొట్టం 30 మీటర్లూ విప్పండి. చివరి ఫ్లాటు పడకగది దాకా అందుతుందో లేదో చూడండి. అన్నిటికన్నా పై అంతస్తులో పరీక్షించండి, కింద బాగానే వస్తాయి. పెద్ద గొట్టానికి వాల్వు మెల్లగా తిప్పండి, గొట్టం చివర నీళ్లు చిమ్మే బ్రాంచి పైపును ఇద్దరు పట్టుకోండి, తన్నుతుంది. బ్రాంచి పైపు అసలుందా? ఇత్తడిదైతే తూకానికి వెళ్లిపోయి ఉంటుంది. పని అయ్యాక నీళ్లు వంచి, నీడలో ఆరబెట్టి, మడత మార్చి పెట్టండి. పెట్టెకు తాళం వద్దు. పెట్టె ముందు చెప్పుల స్టాండు వద్దు. ఆ గొట్టంతో కార్లు కడగొద్దు. ఫైరు సంపు నీళ్లు మొక్కలకు పెట్టొద్దు. మీటర్ల బోర్డు అంటుకుంటే కరెంటు తీసేదాకా నీళ్లు కొట్టొద్దు. నీళ్లు వదలకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు, నేను వచ్చినా సరే.

వాల్వును వాచ్‌మన్ చేతే తిప్పించండి. రాత్రి రెండింటికి అక్కడ ఉండేది ఆయనే.