కడుపుతో ఉన్న మనిషి ఏ గాలి పీలుస్తుందో ముందు చూడండి

మాది కోరుట్ల పక్కన ఊరు. ఆశా కార్యకర్తగా చేరకముందు నేను బీడీలు చుట్టేదాన్ని. పెద్ద బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా ఒళ్లో నుంచి చాట దించలేదు. అది 2 కిలోల 100 గ్రాములతో పుట్టింది. రెండున్నర కిలోలు లేకపోతే బరువు తక్కువ బిడ్డ కిందే లెక్క. బీడీల వల్లనే అని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ తేల్చి చెప్పలేను. కానీ తల్లి నుంచి బిడ్డకు అన్నీ అందించే మాయ హాని చేసే అన్నిటినీ ఆపదని ట్రైనింగ్‌లో విన్నప్పటి నుంచి, గర్భిణి ఇంటికి పోతే తిండి కంటే ముందు గాలి సంగతే అడుగుతున్నాను.

పొగాకులోని నికోటిన్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. కట్టెలు, బొగ్గులు సరిగా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కూడా అంతే. ఆక్సిజన్ ఉండాల్సిన చోట రక్తంలో అది కూర్చుంటుంది. తల్లి రక్తంలో తగ్గిపోయాక కూడా బిడ్డ రక్తంలో ఇంకా చాలాసేపు ఉంటుంది.

గర్భిణుల ఇళ్లకు పోయే మనం పొగ ఎక్కడుందో చూడాలంటే పొద్దున వంట వేళకే పోవాలి. ఒక ఇంట్లో గ్యాస్ పొయ్యి తళతళలాడుతోంది. తలెత్తి చూస్తే దూలానికి వేలాడే బూజు నల్లగా, జిడ్డుగా ఉంది. వేలితో తీస్తే మసి అంటుకుంది. స్నానాల నీళ్లు లోపలే కట్టెల మీద కాగుతున్నాయి, మంట రాజేయడానికి పాల కవర్లు. ఇట్లాంటి చోట నీళ్ల పొయ్యిని వాకిట్లోకి మార్పించండి. గొట్టం పట్టి ఊదే పని ఇంకొకరికి అప్పజెప్పండి. ప్లాస్టిక్ మాత్రం అస్సలు కాల్చొద్దు.

గ్యాస్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులను తీసుకుని, సగం మందికి గ్యాస్ ఇచ్చి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. పొగ బాగా తగ్గింది కానీ పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు అర్థమైనంతలో, నెలలు గడిచాక పొయ్యి ఒక్కటి మార్చి ఊరుకుంటే చాలదు. నెల తప్పిందని తెలిసిన వారంలోనే ఇంట్లో ఎన్ని రకాల పొగ, దుమ్ము ఉన్నాయో అన్నీ లెక్కపెట్టుకోవాలి.

మా దిక్కు ఆ లెక్కలో మొదటిది తంబాకు, అంటే బీడీల్లో వేసే పొగాకు. "చాట దించితే ఇల్లెట్ల గడుస్తదక్కా?" అని ఒకామె అడిగింది. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే ఇంట్లో ఆమెను మానెయ్యమనే నోరు నాకు రాలేదు. అందుకని పని పంచమని అత్తతో మాట్లాడాను. తంబాకు చాటలో పోసేటప్పుడే దుమ్ము ఎక్కువ లేస్తుంది, అది అత్త చేస్తుంది. తునికాకు తడిపి కత్తిరించే పని కోడలిది, దానిలో తంబాకు ఉండదు. చుట్టక తప్పని రోజు అరుగు మీద, గాలి తగిలేటట్టు కూర్చోవాలి. సంచి పడుకునే గదిలో ఉండొద్దు. సాయంత్రం చీపురుతో ఊడిస్తే దుమ్మంతా లేస్తుంది, తడి గుడ్డతో తుడవాలి. అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడిగి, చీర మార్చుకోవాలి. ఇదంతా అత్త ముందర, మొగుడి ముందర చెప్పండి. కోడలికి ఒక్కదానికే చెప్పి వస్తే మళ్లా ఆమె మీదే బరువు పడుతుంది.

మొగుడు ఇంట్లో బీడీ, సిగరెట్ తాగొద్దు. పత్తికి మందు కొట్టి వచ్చిన రోజు బట్టలు బయటే విప్పి, తానే వేరుగా ఉతుక్కోవాలి. సీమంతానికని ఇంటికి రంగులు వేయిస్తే ఆమెను వాసన పోయేదాకా వేరే ఇంట్లో ఉంచండి. దోమల కాయిల్ బదులు దోమతెర కట్టండి. ఒక్క కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్నని ధూళి వస్తుందని చైనా, మలేసియా కాయిళ్లను కొలిచి చూసినవాళ్లు చెప్పారు.

ఏ నెలలోనైనా బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోండి.

కాన్పయ్యాక ఇంకో భయం ఉంది. బాలింత మంచం కింద నిప్పుల కుంపటి, బిడ్డ తలకు సాంబ్రాణి పొగ, గాలి రాకుండా మూసిన తలుపులు. పెద్దవాళ్లతో వాదించకండి. వాళ్లకు కావాల్సింది వెచ్చదనం, ఆరిన తల. మెత్తటి తువ్వాలుతో తుడిచి, బిడ్డను తల్లి ఎదకు ఆనించి పైన దుప్పటి కప్పితే రెండూ అయిపోతాయి. బరువు తక్కువ బిడ్డకైతే ఇది మరీ అవసరం. కుంపటి ఉన్న గదిలో ఎవరికైనా తలనొప్పి, వాంతి, మత్తు వచ్చిందంటే తల్లినీ బిడ్డనూ వెంటనే బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

ఆ 2 కిలోల 100 గ్రాముల నా బిడ్డ నిరుడు కాన్పుకొచ్చింది. మా అమ్మ అటక మీది కుంపటి దింపి తెచ్చింది. "మీ అందరికీ నేనిట్లనే చేసిన గద బిడ్డా" అంది. నేను దాన్ని వాకిట్లో పెట్టి స్నానానికి నీళ్లు కాగబెట్టమన్నాను. పొద్దెక్కేదాకా ఆమె దాని పక్కనే కూర్చుంది. లోపల మనవడు తల్లి ఎద మీద నిద్రపోయాడు.