మాస్కులను చెత్తబండికి ఇచ్చే ముందు

ఇంట్లో కోవిడ్ వంటి అంటువ్యాధి సోకినవారు ఉంటే, వారు వాడిన మాస్కులు, గ్లౌజులు, కఫం అంటిన దూది వంటివాటిని తడి చెత్తలో కలపకుండా, పసుపు రంగు సంచిలో వేసి, మూతి బిగించి కట్టి, మునిసిపల్ సిబ్బందికి విషయం చెప్పి విడిగా అప్పగించాలి. అనంతపురంలో మా వీధిలో రాత్రే గుమ్మం బయట పెట్టిన సంచులను కుక్కలు చింపివేయడం నేను చాలాసార్లు చూశాను కాబట్టి, బండి వచ్చేవరకు దానిని మూతగల డబ్బాలోనే ఉంచండి. ఆరోగ్యంగా ఉన్నవారి మాస్కులనైతే, తిరిగి ఎవరూ వాడకుండా కత్తిరించి, కాగితపు సంచిలో కనీసం 72 గంటలు ఉంచిన తరువాతే పొడి చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సూచించింది. ఇన్సులిన్ సూదులు మాత్రం సంచిలో వద్దు. అవి గుచ్చుకునేది చెత్త ఎత్తే మనిషి చేతికే. మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి.