పాత లుగర్ పిస్టల్ పుట్టుపూర్వోత్తరాలు వెతికే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

లుగర్ చేతికి రాగానే దాని కథ తెలుసుకోవాలన్న ఆత్రం ఆపుకోవడం కష్టం. ఎవరు చేశారు, ఏ ఏడు, ఏ రెజిమెంట్‌లో తిరిగింది, సముద్రం దాటి అమెరికాకి ఎలా చేరింది? జర్మన్ సైన్యం 1908లో పి.08 పేరుతో తీసుకున్న ఈ పిస్టల్‌కి ఒళ్లంతా ముద్రలే. చాలా ప్రశ్నలకు జవాబు దాని మీదే ఉంటుంది. ఆ ముద్రలు చదివే తొందరలో వాటినే అరగదీసేవాళ్లున్నారు, చట్టం చిక్కుల్లో పడేవాళ్లున్నారు, గుండు పేల్చుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వెతుకులాటకి ముందే ఈ నాలుగు మాటలు చదవండి.

మొదటి జాగ్రత్త చట్టం గురించే, ముఖ్యంగా అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లకి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. "పాతది కదా, అలంకారానికే కదా" అన్న మాట చెల్లదు. ఆ చట్టం లెక్కలో పురాతన ఆయుధమంటే 1898 లోపు తయారైంది. లుగర్లు 1900 నుంచి వచ్చినవి కాబట్టి ఎంత పాతదైనా తుపాకీయే. యాభై ఏళ్లు దాటిన వాటికి సేకర్తల లైసెన్సు వేరే ఉంది గానీ, అది వీసా అడ్డంకిని తొలగించదు. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లు కూడా తమ రాష్ట్ర నిబంధనలు చూసుకోవాలి. సీరియల్ నంబర్ గీకేసి ఉన్న పిస్టల్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, అది దగ్గరుంటేనే నేరం. పొడుగు బ్యారెల్ (గొట్టం) ఉన్న ఆర్టిలరీ లుగర్‌కి, భుజానికి ఆనించుకునే చెక్క స్టాక్ తగిలించే ముందు ఆయుధ చట్టాలు తెలిసిన లాయర్ని అడగండి. తగిలించగానే చట్టం దృష్టిలో అది వేరే రకం ఆయుధం అయిపోవచ్చు. హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్లి చూపిద్దామన్న ఆలోచన అసలు వద్దు. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పిస్టల్ ఉంచుకోవడం నేరం. మన ఊళ్లో తాతల నాటి పెట్టెలో ఏదైనా బయటపడితే ముందు పోలీసులకి తెలియజేయాలి, పరిశోధన ఆ తర్వాతే.

ఇక పిస్టల్ చేతిలోకి తీసుకోవడం. మ్యాగజీన్ (గుళ్లు నింపే అర) తీసేసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, మ్యాగజీన్ తీసి, టాగుల్ (పిస్టల్ పైన మోకాలిలా మడిచే కీలు) రెండు గుండీలనీ పట్టుకుని పైకి, వెనక్కి లాగండి. మ్యాగజీన్ లేనప్పుడు టాగుల్ దానంతటది తెరుచుకుని నిలబడదు. ఒక చేత్తో గట్టిగా పట్టుకునే ఛాంబర్‌లోకి (గుండు కూర్చునే గదిలోకి) చూడాలి, వదిలితే వేలు నలుగుతుంది. కంటితో చూశాక ఆ పట్టు వదలకుండానే చిటికెన వేలితో తడిమి చూడండి. ఛాంబర్‌లో గుండు ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన గుండు తొడుగుని బయటికి లాగే కొక్కెం) కొంచెం పైకి లేచి, దాని పక్కన ‘గెలాడెన్’ అన్న జర్మన్ మాట కనిపిస్తుంది. గుండు ఉందని దాని అర్థం. వందేళ్ల స్ప్రింగుని నమ్మి, ఆ మాట కనిపించలేదు కాబట్టి ఖాళీ అని మాత్రం అనుకోకండి.

లుగర్‌లో ఇంకో ప్రమాదం ఉంది, మిగతా పిస్టళ్లకి అలవాటు పడ్డవాళ్లకి అది తట్టదు. సియర్ బార్ (ట్రిగ్గర్ నొక్కగానే కదిలి పిస్టల్‌ని పేల్చే పట్టీ) ఎడమ పక్కన, పైభాగానికే అతికి ఉంటుంది. అందుకని బ్యారెల్ ఉన్న పైభాగాన్ని ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) నుంచి పూర్తిగా విడదీశాక కూడా, లోపల గుండు ఉంటే ఆ బార్ మీద వేలు నొక్కుకుని పేలిపోగలదు. పక్క ముద్రలు చూద్దామని సరిగ్గా అక్కడే వేలు వేసి పట్టుకుంటాం. ఖాళీ అని తేలేదాకా ఒక్క భాగం కూడా విప్పొద్దు.

పేల్చి చూడాలన్న కోరికని మానుకోండి. సైన్యం లుగర్లలో చిన్న భాగాల మీద కూడా సీరియల్ నంబర్‌లోని చివరి రెండంకెలు ఉంటాయి. అన్నీ ఒకటే అయితేనే దానికి సేకర్తల దగ్గర విలువ. ఒక్క ఎక్స్‌ట్రాక్టర్ విరిగితే ఆ జోడీ మళ్లీ కుదరదు.

తుడవడం విషయంలోనూ నిదానం కావాలి. మెత్తటి గుడ్డ, కొద్దిగా తుపాకీ నూనె, చేతులకి గ్లవ్స్ చాలు. ఉప్పు కాగితం, స్టీల్ పీచు, తుప్పు వదిలించే మందులు దరిచేరనివ్వొద్దు. అంకెలు కనబడటం లేదని తెల్ల రంగు నింపకండి, గది దీపాలు ఆర్పి, పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేసి ఫొటో తీయండి, అరిగిన గీతలు కూడా పైకి తేలతాయి. చెక్క పిడి విప్పేటప్పుడు ఎడమ వైపుది సేఫ్టీ మీట దగ్గర పెచ్చు ఊడిపోతుంది. మర గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే విప్పకపోవడమే మేలు.

నంబరు చదివేటప్పుడు అందరూ పడే బోల్తా ఒకటుంది. కైజర్ (జర్మన్ చక్రవర్తి) కాలంలో సైన్యానికి చేసినవాటికి సాధారణంగా ఏటా ఒకటి నుంచి లెక్క మొదలయ్యేది. పదివేలు నిండగానే చిన్న ఎ, తర్వాత బి అంటూ అక్షరం తగిలించి మళ్లీ ఒకటి నుంచి వేసేవాళ్లు. బెర్లిన్‌లో డీడబ్ల్యూఎం కంపెనీ లెక్క వేరు, ఎర్ఫుర్ట్ ప్రభుత్వ కర్మాగారం లెక్క వేరు. అంటే 4312 అన్న నంబరు ఒకటే పట్టుకుంటే ఎన్నో పిస్టళ్లకి సరిపోతుంది. తయారీదారు ముద్ర, ఛాంబర్ మీది సంవత్సరం, నంబరు, ఫ్రేమ్ ముందు భాగంలో నంబరు కింద ఉండే ఆ వాలు అక్షరం, ఈ నాలుగూ కలిపి రాసుకోండి. ఛాంబర్ మీద 1917, దానిపైన 1920 అని రెండు తేదీలుంటే 1917లో తయారైనట్టు. 1920 అన్నది యుద్ధం తర్వాత ప్రభుత్వ ఆస్తిగా వేసిన ముద్ర. 1930లో లుగర్ తయారీ యంత్రాలు ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ కంపెనీకి వెళ్లాక తయారీదారు పేరు దాచడానికి ఎస్/42, తర్వాత 42, ఆపైన బివైఎఫ్ సంకేతాలు వచ్చాయి. ఛాంబర్ మీద సంవత్సరానికి బదులు 1934కి కె అక్షరం, 1935కి జి అక్షరం వేశారు. ఛాంబర్ మీద అమెరికా గద్ద కనిపించగానే, 1901లో అమెరికా సైన్యం పరీక్షకి కొన్న వెయ్యిలో ఒకటి దొరికిందని పొంగిపోవద్దు. మామూలు దుకాణాల్లో అమ్మకానికి వచ్చినవాటి మీదా ఆ గద్ద ఉంది.

అరుదైనదని చెప్పే ప్రతి గుర్తునీ అనుమానించాలి. లుఫ్ట్‌వాఫె (జర్మన్ వైమానిక దళం) కోసం సూల్ పట్టణంలో చేసిన క్రీగ్‌హాఫ్ కంపెనీ లుగర్లు తక్కువ, అందుకే వాటి నకిలీలు ఎక్కువ. పుర్రె బొమ్మలు, నాజీల ఎస్‌ఎస్ దళం గుర్తులు తర్వాత కొట్టినవే చాలా తిరుగుతుంటాయి. ‘బ్లాక్ విడో’ అన్నది నల్ల ప్లాస్టిక్ పిడి ఉన్న లుగర్లకి యుద్ధం తర్వాత అమ్మకందారులు పెట్టిన పేరు, సైన్యం పెట్టింది కాదు. రంగు కూడా సాక్ష్యమే. 1937కి ముందు చేసినవాటిలో ట్రిగ్గర్, సేఫ్టీ మీట వంటి చిన్న భాగాలు ఎండుగడ్డి రంగులో మెరుస్తాయి. అవి కూడా నిగనిగలాడే ఒకే నలుపులో ఉంటే ఎవరో మళ్లీ రంగు వేయించారని అనుమానించండి.

మా నాన్న యుద్ధం నుంచి తెచ్చాడనే కథ అమ్మకందారు చెబితే గౌరవంగా వినండి, కానీ బ్యారెల్ కింద భూతద్దం పెట్టి చూడండి. 1968 చట్టం తర్వాత దిగుమతైన తుపాకీ మీద దిగుమతిదారు పేరు, ఊరు చెక్కి ఉండాలి. ఆ చిన్న అక్షరాలు కనిపిస్తే, 1945లో సైనికుడి సంచిలో వచ్చిందన్న కథ నిలబడటం కష్టం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికులకి ఆయుధం ఇంటికి తెచ్చుకోవడానికి పైఅధికారి సంతకంతో ఇచ్చిన అనుమతి పత్రం ఉంటే మంచి ఆధారమే. అందులో సీరియల్ నంబర్ రాసి ఉందా, మీ పిస్టల్‌తో అక్షరంతో సహా కలుస్తుందా అన్నది చూడండి. ఏ నంబరూ లేని కాగితాన్ని ఏ లుగర్‌కైనా జత చేయొచ్చు.

పిడి ముందు పట్టీ మీద రెజిమెంట్ గుర్తు ఉంటే అదృష్టమే. అయితే సామ్రాజ్య కాలపు గుర్తుల పద్ధతి వేరు, తర్వాతి రైష్‌వేర్ (మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి జర్మన్ సైన్యం) పద్ధతి వేరు. ఒకదాని పట్టికతో ఇంకోటి చదివితే పదాతి దళం కాస్తా ఫిరంగి దళం అయిపోతుంది. అది కూడా మిమ్మల్ని ఒక దళం దాకానే తీసుకెళుతుంది, మనిషి దాకా కాదు. జర్మన్ సామ్రాజ్యంలో పెద్ద రాజ్యమైన ప్రష్యా సైన్యం కాగితాలు చాలావరకు 1945 ఏప్రిల్‌లో పాట్స్‌డామ్ మీద బాంబులు పడినప్పుడు కాలిపోయాయి. గుర్తు బి అక్షరంతో మొదలైతే బవేరియా దళం అయి ఉండొచ్చు, వాళ్ల రికార్డులు మ్యూనిక్‌లో మిగిలాయి. అమెరికన్ తుపాకుల కంపెనీ కోల్ట్ తన పిస్టళ్లకి ఇచ్చే చరిత్ర పత్రంలాంటిది లుగర్‌కి ఎవరైనా డబ్బు తీసుకుని రాసిస్తామంటే, ఏ రికార్డు చూసి రాస్తారో అడగండి.

చూసింది ఒక కాగితం మీద, విన్నది వేరే కాగితం మీద రాయండి, రెంటినీ కలపొద్దు. పూర్తి నంబరు, ఇంటి ఫొటోలు పదిమందికీ కనిపించే చోట పెట్టకుండా, అడగాల్సిన నిపుణుడికి విడిగా పంపండి. పిస్టల్‌ని తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలులోని తేమా రసాయనాలూ ఇనుముని గుంతలు పడేలా తినేస్తాయి. ఒర మీది తయారీ ముద్ర, సంవత్సరం ఫొటో తీసుకుని దాన్ని విడిగా పెట్టండి. పిస్టల్‌కి పలచగా నూనె రాసి, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. ఆ రెండు కాగితాల నకలు ఇంకోచోట ఉండాలి.