ఒకే ఫైల్ ఒక సాఫ్ట్‌వేర్‌లో గట్టిగా, ఇంకోదాంట్లో మెల్లగా ఎందుకు వినిపిస్తుంది? తేడా ఎక్కడొచ్చిందో పట్టుకునే పద్ధతి

తెలుగు ఆడియో కథలకు ఎడిటింగ్, మిక్సింగ్ చేయడం నా పని. చదివేవాళ్లు ఎవరింట్లో వాళ్లు రికార్డ్ చేసి పంపుతారు. ఒకరు ఒంగోలు నుంచి, ఒకరు హన్మకొండ నుంచి, ఒకరు డల్లాస్ నుంచి. వాళ్లలో ఎక్కువమంది ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతారు. నేను అలాంటివే అయిన రీపర్‌లో, అప్పుడప్పుడు క్యూబేస్‌లో పనిచేస్తాను. "అక్కా, నా సిస్టమ్‌లో గట్టిగానే ఉంది కదా, మీ దాంట్లో గొంతు ఎందుకంత తగ్గింది? మైక్ మార్చమంటారా?" అని టెన్షన్ పడుతూ అడిగేవాళ్లు చాలామంది. మైక్ జోలికి వెళ్లొద్దు. గెయిన్ (శబ్దం లెవెల్) పెంచొద్దు, లెవెల్‌ని ఒక్క నొక్కుతో సరిచేసే నార్మలైజ్ కూడా నొక్కొద్దు. ముందు సౌండ్ ఎక్కడ మారిందో కనుక్కోండి. కారణం తెలియకుండా పెంచితే ఆ కారణం అక్కడే ఉండిపోయి, ఫైనల్ ఫైల్‌లో మళ్లీ బయటపడుతుంది.

వేవ్ ఫైల్ అంటే వరసగా రాసిపెట్టిన అంకెలు. ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా అవే అంకెలు చదువుతుంది. ఆ తర్వాత అవి ట్రాక్ ఫేడర్ (వాల్యూమ్ స్లైడర్), ప్యాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో తిప్పేది), మాస్టర్ (ట్రాకులన్నీ కలిసే చివరి దశ), విండోస్ మిక్సర్, ఇంటర్‌ఫేస్ (మైక్, హెడ్‌ఫోన్‌లను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) దాటుకుని హెడ్‌ఫోన్‌కు చేరతాయి. తేడా వచ్చేది ఈ దారిలోనే. గొంతు మాటమాటకూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి దాన్ని వింటూ తేడా ఎక్కడుందో తేల్చడం కష్టం. అందుకే కొలతకు నేను టోన్ వాడతాను, అంటే లెవెల్ మారకుండా ఒకేలా మోగే శబ్దం.

ఆడాసిటీలో కొత్త ప్రాజెక్ట్ తెరిచి, జనరేట్ మెనూలో టోన్ ఎంచుకోండి. వేవ్‌ఫామ్ సైన్, ఫ్రీక్వెన్సీ 1000, యాంప్లిట్యూడ్ 0.25, నిడివి 10 సెకన్లు పెట్టండి. యాంప్లిట్యూడ్ (తరంగం ఎత్తు) సగమైతే 6 డీబీ (డెసిబెల్, శబ్దం లెవెల్ కొలత) తగ్గుతుంది. 0.25 అంటే సగంలో సగం, కాబట్టి -12 డీబీ. ప్లే చేసే ముందు హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించుకోండి, ఈ శబ్దం చెవిలో గుచ్చుకుంటుంది. మీటర్‌లో పీక్ (అత్యధిక లెవెల్) -12 దగ్గర కదలకుండా నిలబడాలి. ఇప్పుడు దాన్ని మోనోగానే (ఒకే ఛానెల్‌తో), 24 బిట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి.

రెండో సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ ప్రాజెక్ట్ తెరవండి. ఎఫెక్ట్‌లు ఏమీ ఉండకూడదు, ఫేడర్లన్నీ 0 దగ్గర, ప్యాన్ నడిమధ్యలో ఉండాలి. టోన్ ఫైల్‌ని మోనో ట్రాక్ మీద వేసి మాస్టర్ మీటర్ చూడండి. అక్కడా -12 ఉంటే సాఫ్ట్‌వేర్ ఏమీ మార్చలేదు, తేడా బయట ఉంది. -15 ఉంటే 3 డీబీ పోయింది. -16.5 ఉంటే 4.5, -18 ఉంటే 6, -14.5 ఉంటే 2.5 డీబీ పోయినట్టు. ఈ నాలుగు అంకెల్లో ఏది కనిపించినా ముందు అనుమానించాల్సింది ప్యాన్ లా అనే సెట్టింగ్‌ని. ప్యాన్ మధ్యలో ఉన్న శబ్దాన్ని ఎంత తగ్గించాలో నిర్ణయించేది అదే.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ వాటికి జవాబు ఇదే. మోనో గొంతు ప్యాన్ మధ్యలో ఉంటే రెండు స్పీకర్లలోంచీ వస్తుంది. పూర్తిగా ఎడమకు తిప్పితే ఒక్కదాంట్లోంచే వస్తుంది. రెండు స్పీకర్లు కలిసి పలికినప్పుడు గదిలో సుమారు 3 డీబీ పెరుగుతుంది. అంటే గొంతును ఎడమ నుంచి కుడికి తిప్పుతూ పోతే మధ్యకు వచ్చేసరికి ఉబ్బినట్టు వినిపిస్తుంది. అలా కాకుండా మధ్యలో 3 డీబీ తగ్గించడం ఒక పద్ధతి. రెండు ఛానెళ్లనూ సిగ్నల్ దశలోనే కలిపి మోనో చేస్తే 6 డీబీ పెరుగుతుంది, దాన్ని దృష్టిలో పెట్టుకుని 6 తగ్గించడం ఇంకో పద్ధతి. 4.5 ఈ రెండింటికీ మధ్య రాజీ. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కో ప్రోగ్రామ్ చేసినవాళ్లు ఒక్కోటి ఎంచుకున్నారు.

ఆడాసిటీ మధ్యలో ఏమీ తగ్గించదు. రీపర్ కొత్త ప్రాజెక్ట్ కూడా 0 డీబీతోనే మొదలవుతుంది. ప్రో టూల్స్ పాత వెర్షన్లలో 2.5 డీబీ తగ్గడం మార్చలేని సెట్టింగ్, 9వ వెర్షన్ నుంచి మనమే ఎంచుకోవచ్చు. క్యూబేస్‌లో 0, -3, -4.5, -6, ఈక్వల్ పవర్ అనే ఎంపికలు ఉంటాయి. ఏబుల్‌టన్ లైవ్ దారి వేరు, మధ్యలో 0 ఉంచి పూర్తిగా పక్కకు తిప్పినప్పుడు 3 డీబీ పెంచుతుంది. రీపర్‌లో ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ప్రాజెక్ట్ సెట్టింగ్స్ వస్తాయి, అందులో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్యాన్ లా కనిపిస్తుంది. క్యూబేస్‌లో ప్రాజెక్ట్ మెనూ కింద ప్రాజెక్ట్ సెటప్‌లో ఉంటుంది.

క్యూబేస్, ప్రో టూల్స్ లాంటివాటిలో మధ్యలో ఉన్న స్టీరియో (ఎడమ, కుడి రెండు ఛానెళ్ల) ట్రాక్‌కు ఈ తగ్గింపు తగలదు. దీని ఫలితం కథల్లో వెంటనే తెలిసిపోతుంది. గొంతు మోనో, నేపథ్య సంగీతం స్టీరియో. ప్రాజెక్ట్ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారగానే గొంతు మాత్రమే 3 డీబీ కిందికి పోతుంది, సంగీతం ఎక్కడిదక్కడే ఉంటుంది. వినేవాళ్లకు సంగీతం గొంతు మీదికి వచ్చినట్టు అనిపిస్తుంది. అందుకే ప్యాన్ లా పని మొదలుపెట్టేటప్పుడే సరిచూసుకోవాలి. మిక్స్ సగంలో మార్చితే అప్పటిదాకా కుదిరిన బ్యాలెన్స్ అంతా కదిలిపోతుంది.

ఇక రికార్డింగ్ వైపు చూద్దాం. రెండు ఇన్‌పుట్‌లున్న ఇంటర్‌ఫేస్‌లో మైక్ మొదటిదానికి పెట్టి స్టీరియోగా రికార్డ్ చేస్తే గొంతు ఎడమ ఛానెల్‌లో మాత్రమే పడుతుంది. దాన్ని మిక్స్ స్టీరియో డౌన్ టు మోనో అనే కమాండ్‌తో కలిపితే సాఫ్ట్‌వేర్ గొంతుకూ నిశ్శబ్దానికీ సగటు తీస్తుంది. 6 డీబీ పోతుంది. అలా చేయకుండా ట్రాక్ మెనూలో స్ప్లిట్ స్టీరియో టు మోనో నొక్కి, ఖాళీగా ఉన్న కుడి ట్రాక్ తీసేయండి. గొంతు ఉన్నదున్నట్టు మిగులుతుంది. కొన్ని విండోస్ సెటప్‌లలో మోనో రికార్డింగ్ పెట్టినా లోపల ఇదే సగటు జరుగుతుంది. ఎంత గట్టిగా అరిచినా వేవ్‌ఫామ్ 0.5 దాటదు, అక్కడే చదునుగా కోసుకుపోతుంది. అది కనిపిస్తే స్టీరియోలో రికార్డ్ చేసి, పైన చెప్పినట్టు ఒక ఛానెల్ మాత్రమే ఉంచుకోండి.

మాస్టర్ మీటర్ రెండు చోట్లా -12 చూపిస్తూ చెవికి మాత్రం తేడా తెలుస్తుంటే విండోస్‌ని చూడాలి. ఏసియో, ఎంఎంఈ అనేవి ప్రోగ్రామ్ సౌండ్‌ని బయటికి పంపే రెండు దారులు. ఏసియో డ్రైవర్‌తో నడిచే ప్రోగ్రామ్ సాధారణంగా విండోస్ మిక్సర్‌ని తాకకుండా నేరుగా ఇంటర్‌ఫేస్‌కు వెళ్తుంది. ఎంఎంఈ వాడే ప్రోగ్రామ్ మిక్సర్ గుండా వెళ్తుంది. ఆ మిక్సర్‌లో ప్రతి యాప్‌కూ వేరే స్లైడర్ ఉంటుంది, ఎప్పుడో తగ్గించి మర్చిపోయి ఉండొచ్చు. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్ తెరిచి చూడండి. కాల్ నడుస్తున్నప్పుడు మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే ఎంపిక అక్కడ డిఫాల్ట్‌గా ఉంటుంది. వీడియో కాల్‌లో నాతో మాట్లాడుతూ ఫైల్ వినేవాళ్లకు అంతా పల్చగా వినిపించేది ఇందుకే. డూ నథింగ్ ఎంచుకోండి. స్పీకర్ ప్రాపర్టీస్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి, అది మెల్లటి మాటలను పైకి లేపి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

వాట్సాప్ వాయిస్ నోట్‌తో ఈ పోలికలు చేయొద్దు. అది కుదించిన ఆడియో. ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపితేనే అంకెలు చెక్కుచెదరకుండా వస్తాయి.

వేవ్‌ఫామ్ బొమ్మ పెద్దగా ఉందా చిన్నగా ఉందా అన్నది పట్టించుకోకండి. అది జూమ్ మాత్రమే.

ఒక సాఫ్ట్‌వేర్‌లో గొంతు బాగుంది, ఇంకోదాంట్లో బాగాలేదు అనిపించినప్పుడు ముందు లెవెల్ సమానం చేయండి. మన చెవి తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ని సరిగా పట్టుకోదు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి కొంచెం గట్టిగా ఉన్నది నిండుగా, నాణ్యంగా ఉన్నట్టు తోస్తుంది. అసలు తేడా ఉందో లేదో తేల్చాలంటే అదే ఫైల్‌ని రెండు ప్రోగ్రాముల్లోంచీ ఎక్స్‌పోర్ట్ చేసి, ఆడాసిటీలో రెండు ట్రాకులుగా పెట్టి, మొదలు సరిగ్గా కలిపి, ఒకదానికి ఇన్వర్ట్ (తరంగాన్ని తలకిందులు చేసే) ఎఫెక్ట్ వేసి ప్లే చేయండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే. గొంతు సన్నగా మిగిలితే ఒకదాని గెయిన్ కొద్దికొద్దిగా మార్చి చూడండి. ఒకచోట మాయమైతే ఉన్న తేడా లెవెల్ మాత్రమే, ఎన్ని డీబీలో కూడా తెలిసిపోతుంది.

చివరి ఫైల్ ఇచ్చేటప్పుడు ఇదే 3 డీబీ ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) మీటర్ ఛానెళ్ల శక్తిని కూడుతుంది. ఒకే గొంతు మోనో ఫైల్‌లో -19 చూపిస్తే, అదే గొంతు రెండు ఛానెళ్లలో ఉన్న స్టీరియో ఫైల్‌లో -16 చూపిస్తుంది. పాడ్‌కాస్ట్‌లకు స్టీరియో అయితే -16, మోనో అయితే -19 అని చెప్పేది అందుకే. మోనో ఫైల్‌ని -16కు లాగితే మిగతా ఎపిసోడ్ల కంటే 3 డీబీ గట్టిగా పడుతుంది. ఆడాసిటీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మోనోని డ్యూయల్ మోనోగా (రెండు ఛానెళ్లలో ఉన్న ఒకే గొంతుగా) లెక్కించే టిక్ ఉంటుంది. ఆ టిక్ ఉంటే మోనోకైనా -16 అనే రాయండి, లేకపోతే -19 రాయండి. ఏసీఎక్స్ (ఆడియోబుక్కులను ఆడిబుల్‌కు చేర్చే వేదిక) ఆడియోబుక్కులకు మాత్రం ఎల్‌యూఎఫ్‌ఎస్ అడగరు. అక్కడ ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు లెవెల్) -23 నుంచి -18 డీబీ మధ్య, పీక్ -3 లోపు, నాయిస్ -60 కంటే కింద ఉండాలి.