సబ్మిట్ నొక్కే ముందు: బడ్జెట్ రోజుల్లో స్మార్ట్ వ్యూ జాగ్రత్తలు

మొన్న ఒక ఆఫీసులో ఫోర్‌కాస్ట్ పంపిన మర్నాడు పొద్దున రిపోర్టు తెరిస్తే, ఏడాది చివరి సిబ్బంది సంఖ్య సున్నా అని వచ్చింది. ఎవరూ ఏదీ చెరపలేదు. ఒకమ్మాయి తన ఎక్సెల్ షీట్ నుంచి ఎప్పటిలాగే అంకెల్ని డేటాబేస్‌కి సబ్మిట్ చేసింది, అంతే. ఆ షీట్‌లో ఒక టిక్కు పెట్టి ఉంది. ఆ టిక్కు అక్కడ ఉందని కూడా తనకి తెలియదు. పాపం రెండు రోజులు నిద్రపోలేదు. ఇలా జరగడం నేను చూడటం ఇది మూడోసారి. మార్చి దాకా మనందరి నెత్తిన బడ్జెట్ పనే కాబట్టి, ఎస్‌బేస్ (కంపెనీ లెక్కలు దాచే ఒరాకిల్ డేటాబేస్) డేటాని ఎక్సెల్‌లో స్మార్ట్ వ్యూతో (ఎక్సెల్‌ని దానికి కలిపే యాడ్-ఇన్) చూసేవాళ్లకీ పంపేవాళ్లకీ ఇది రాస్తున్నాను. కనెక్ట్ అవడం, జూమ్ చేయడం (మొత్తం అంకెని కింది స్థాయి వివరాలుగా విప్పడం) మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

కొంప ముంచే టిక్కు

ఎస్‌బేస్‌లో ఖాళీ గడి వేరు, సున్నా ఉన్న గడి వేరు. సున్నా అంటే డేటా. ఖాళీ అంటే అక్కడ ఏమీ లేదని. ఆ ఖాళీ మన షీట్‌లో #మిస్సింగ్ అని కనబడుతుంది. అది అంకె కాదు, అక్షరాలు. అందుకే దాన్ని ప్లస్ గుర్తుతో కూడితే ఎక్సెల్ #వేల్యూ ఎర్రర్ చూపిస్తుంది. ఆ చిరాకుతో చాలామంది ఆప్షన్స్‌లోని డేటా ఆప్షన్స్‌కి వెళ్లి, మిస్సింగ్ లేబుల్ దగ్గర #న్యూమరిక్‌జీరో అని పెట్టుకుంటారు. చూడటానికి మాత్రమే వాడే షీటైతే ఇబ్బంది లేదు. కానీ అక్కడే సబ్మిట్ జీరో అని ఇంకో టిక్ బాక్స్ ఉంటుంది. దాన్నీ నొక్కేస్తారు. ఇక తెర మీద కనబడే ఉత్తుత్తి సున్నాలన్నిటికీ డేటాబేస్ తలుపు తీసినట్టే.

దాని మీద సబ్మిట్ డేటా వితౌట్ రిఫ్రెష్ వాడారంటే ఇక ఆపేదేమీ ఉండదు. అది మీరు ముట్టుకున్న గడులనీ ముట్టుకోని గడులనీ, గ్రిడ్ (షీట్‌లోని డేటా పట్టిక) మొత్తాన్నీ పంపేస్తుంది. 300 కాస్ట్ సెంటర్లు (ఖర్చు లెక్క విడిగా చూసే విభాగాలు), 40 ఖాతాలు, 12 నెలలు ఉన్న షీట్ అంటే 1,44,000 గడులు. మీరు మార్చింది పదే కావచ్చు.

ఇప్పుడు ఆ సిబ్బంది సంఖ్య సంగతి. ఇలాంటి ఖాతాలకి ఏడాది అంకె అంటే నెలల మొత్తం కాదు, చివరి నెల అంకె. ఖాళీ నెలల్ని వదిలేసి, అంకె ఉన్న ఆఖరి నెలని తీసుకోమని అవుట్‌లైన్‌లో (డేటాబేస్ నిర్మాణం ఉండే చోటు) టైమ్ బ్యాలెన్స్ లాస్ట్, స్కిప్ మిస్సింగ్ అని పెడతారు. ఆగస్టులో 412 మంది ఉండి, ఆ తర్వాతి నెలలు ఇంకా నింపకపోతే, ఏడాదికి 412 రావాలి. కానీ సెప్టెంబరు నుంచి మార్చి దాకా సున్నాలు వెళ్లిపోయాయి. సున్నా ఖాళీ కాదు కాబట్టి ఎస్‌బేస్ వాటిని వదలదు. మార్చి సున్నానే ఏడాది అంకె అయి కూర్చుంటుంది. ఖాళీల్ని వదిలేసే సగటు ఖాతాలు కూడా ఇలాగే పాడవుతాయి.

బ్లాక్ స్టోరేజ్ డేటాబేస్ (గడుల్ని బ్లాకులనే గుంపులుగా దాచే రకం) అయితే ఇంకో దెబ్బ. అంతకుముందు ఏమీ లేని కాంబినేషన్‌లో ఒక్క సున్నా పడినా దానికి కొత్త బ్లాక్ పుడుతుంది. అగ్రిగేషన్ (కింది అంకెల్ని పైకి కూడే లెక్క) నడిస్తే పై స్థాయిల్లోనూ పుడతాయి. బిట్‌మ్యాప్ కంప్రెషన్‌లో (బ్లాకుని కుదించి దాచే ఒక పద్ధతి) ఖాళీ గడులు నిల్వ కావు, సున్నా మాత్రం మిగతా అంకెల్లాగే 8 బైట్లు తింటుంది. రాత్రి మొదలైన క్యాల్క్ (డేటాబేస్ లెక్కల పని) తెల్లారినా అవ్వదు. అందరూ అడ్మిన్ మీద పడతారు, ఆయన తప్పేమీ లేకపోయినా.

కాబట్టి సబ్మిట్ జీరో టిక్కు తీసేయండి. కూడటానికి ప్లస్ బదులు సమ్ ఫంక్షన్ వాడండి, అది అక్షరాలున్న గడుల్ని వదిలేసి కూడుతుంది. నిజంగానే సున్నా పంపాలంటే, లేబుల్ #మిస్సింగ్‌గా ఉంచి ఆ ఒక్క గడిలో 0 కొట్టండి. ఉన్న అంకెని తుడిచేయాలంటే ఆ గడిలో #మిస్సింగ్ అని కొట్టి పంపండి.

సెట్టింగులు షీట్‌వి

మెంబర్, డేటా, ఫార్మాటింగ్ ఆప్షన్లు ఏ షీట్‌వి ఆ షీట్‌వే. ఇక్కడ టిక్కు తీసేశాం కదా అని పక్క షీట్‌ని నమ్మకండి. ఓకే పక్కనున్న బాణం నొక్కితే అన్ని షీట్లకూ వర్తింపజేసే దారి ఉంది, కొత్త షీట్లకి డీఫాల్ట్‌గా దాచుకునే దారి కూడా ఉంది. రెండూ వాడండి. ఇంకొకరు మెయిల్‌లో పంపిన ఫైలు వాళ్ల సెట్టింగులతోనే వస్తుంది. ఆ అమ్మాయికి జరిగింది ఇదే, పాత టీమ్ నుంచి వచ్చిన ఫైలు. అలాంటి ఫైలు తెరవగానే డేటా ఆప్షన్స్ చూడండి, సబ్మిట్ జీరో తీసేయండి.

అంకెలు నింపే షీట్‌లో ఖాళీ వరుసల్ని దాచే సప్రెస్ ఆప్షన్ పెట్టకండి. ఒకసారి పోయిన వరుసలు టిక్కు తీసినంత మాత్రాన తిరిగి రావు, మళ్లీ జూమ్ చేయాల్సిందే.

గ్రిడ్ కట్టుకునేటప్పుడు నావిగేట్ వితౌట్ డేటా ఆన్ చేయండి, అడుగడుగునా డేటా తెస్తూ కూర్చోదు.

ప్రిజర్వ్ ఫార్ములాస్ (షీట్‌లో మీరు రాసిన ఫార్ములాల్ని కాపాడే ఆప్షన్) ఆన్.

డబుల్ క్లిక్‌తో జూమ్ అయ్యే ఆప్షన్ ఆఫ్. గడి దిద్దబోయి రెండుసార్లు నొక్కితే గ్రిడ్ విచ్చుకుపోతుంది.

పెద్ద డైమెన్షన్ (ఖాతాలు, కాస్ట్ సెంటర్లు లాంటి ఒక్కో వర్గం) మీద జూమ్ ఆల్ లెవల్స్ వద్దు.

పంపే ముందు పీఓవీలో (గ్రిడ్ మొత్తానికీ వర్తించే ఎంపికలు) సినారియో, వెర్షన్, సంవత్సరం పైకి చదవండి.

టెస్ట్ సర్వరా, ప్రొడక్షనా? చూడండి.

అన్‌డూని నమ్మకండి. అది షీట్‌ని వెనక్కి తెస్తుంది, డేటాబేస్‌లోకి వెళ్లినదాన్ని తేలేదు.

వితౌట్ రిఫ్రెష్ జోలికి పోకండి.

సబ్మిట్ జీరో తీశారా? మళ్లీ చూడండి.

సున్నాలు వెళ్లిపోయాయని అనుమానం వస్తే సరిచేద్దామని మళ్లీ మళ్లీ సబ్మిట్ కొట్టకండి. ఫైలుని అలాగే ఇంకో పేరుతో దాచండి. ఏ షీట్ నుంచి, ఏ పీఓవీతో, ఎన్ని గంటలకి పంపారో రాసుకుని వెంటనే అడ్మిన్‌కి ఫోన్ చేయండి. తిడతారేమో అని పొద్దుటిదాకా ఆగకండి, రాత్రి క్యాల్క్ మొదలయ్యేలోపు ఆయనకి తెలియాలి.