ఆడ్వెర్బ్ ఎక్కడ పెట్టాలబ్బా?

మన కావలి, ఒంగోలు వైపు చానామంది పిల్లోళ్ళు చివర ఎల్‌వై తగిలిస్తే ఆడ్వెర్బ్ (పని ఎలా, ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చెప్పే మాట) అయిపోద్దని బట్టీ పట్టేసుంటారు, అది సగమే కరెక్ట్. క్విక్‌కి క్విక్లీ ఓకే, కానీ ఫాస్ట్‌కి ఫాస్టే, గుడ్‌కి వెల్, ఫ్రెండ్లీ అయితే ఎల్‌వై ఉన్నా అడ్జెక్టివే (మనిషో వస్తువో ఎలాంటిదో చెప్పే మాట). హార్డ్ దగ్గర మాత్రం జాగర్త, "హి వర్క్స్ హార్డ్" అంటే బాగా కష్టపడతాడని, "హి హార్డ్లీ వర్క్స్" అంటే దాదాపు పనే చెయ్యడని, ఇంటర్వ్యూలో తారుమారు చేశామనుకో ఇంకేముంది, ఇంటికే!

ఇంక అసలు గొడవంతా ప్లేస్‌ది. ఆల్వేస్, యూజువల్లీ, నెవర్ లాంటివి మామూలు వెర్బ్‌కి ముందు పెట్టాల, "ఐ ఆల్వేస్ టేక్ ద నెల్లూరు బస్" అని, అదే ఈజ్, ఆమ్, ఆర్ ఉంటే వాటి తర్వాత, "ద బస్ ఈజ్ ఆల్వేస్ లేట్" (అది నిజం కూడా అనుకో).

మనం "చేపల పులుసు బాగా చేస్తుంది" అని వెర్బ్ ముందే చెప్తాం కదా, ఇంగ్లీష్‌లో ఆబ్జెక్ట్ (ఇక్కడ ఫిష్ కర్రీ) అయిపోయినాక రావాల, "షి కుక్స్ ఫిష్ కర్రీ వెల్". కుక్స్‌కీ ఫిష్‌కీ మధ్యలో వెల్ దూర్చొద్దు. ఎలా, ఎక్కడ, ఎప్పుడు మూడూ వస్తే మామూలుగా అదే వరసలో రాసెయ్యండి.