నడకకి ఒక వంక పెట్టుకోండి

నెల్లూరులోనో ఒంగోలులోనో రోడ్డు పక్కన ఒంటరిగా నడుస్తూ కనిపించారంటే, తెలిసినవాళ్ళెవరో బండి ఆపి "ఏందన్నా, బండి ఏమైంది? ఎక్కు, దింపుతా" అనకుండా పోరు. నడిచేవాడంటే బండి లేనివాడన్నా అయ్యుండాలి, షుగర్ వచ్చినవాడన్నా అయ్యుండాలి, మనవాళ్ళ లెక్క అంతే. సరదాకి నడుస్తున్నానంటే నమ్మరు. "డాక్టర్ నడవమన్నాడు" అని ఓ అబద్ధం చెప్పేయండి, ఇంక బలవంతం చేయరు.

కానీ నిజంగా డాక్టర్ చెప్పాడని మొదలుపెట్టిన వాకింగ్ పది రోజులకే పడకేస్తుంది. కొత్తిమీర కట్ట కోసమో, ఫలానా సందు చివర వేసే కారం దోసె కోసమో, ఇంకా పేపర్ కట్టలు విప్పుతుండగానే కొట్టు దగ్గర నిలబడి చదవడం కోసమో వెళ్ళేవాడు మాత్రం ఏళ్ళ తరబడి వెళ్తూనే ఉంటాడు. అందుకే ఇంటికి అరగంట దూరంలో మీకు ఇష్టమైనది ఒకటి చూసుకోండి, దాన్ని వంకగా పెట్టుకుని బయల్దేరండి. రోజూ దోసె అయితే షుగర్ డాక్టర్ ఒప్పుకోడు, ఆ సంగతి మీరూ ఆయనా తేల్చుకోండి.

ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ తీసేయమనను గానీ, పదివేలు కాలేదని రాత్రి పదకొండింటికి హాల్లో సోఫా చుట్టూ తిరిగే టెన్షన్ మాత్రం పెట్టుకోవద్దు. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరం ఒకటి అమ్ముకోడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, వైద్యులు పరీక్షలు చేసి తేల్చింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, అంటే ఐదు రోజులు, రోజుకి అరగంట. ఓ మోస్తరు అంటే పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట అందుకుంటే మాత్రం ఆయాసం రావాలి.

ఇక వేళ. మే నెలలో ఐదున్నరకే వెలుతురు వచ్చేస్తుంది, అప్పుడు బయటపడి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. రోహిణి కార్తెలో సాయంత్రం నడక జోలికే పోకండి, పడమటి గాలి బలంగా కొడితే సముద్రం గాలి లోపలికి రాదు, ఏడింటికి కూడా సిమెంటు రోడ్డు సెగలు కక్కుతూనే ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ముసుర్లు, వాయుగుండాలు, అప్పుడు మిద్దె మీద నడవాల్సిందే. మిద్దె మీద గుండ్రంగా తిరగడం ఎవరికైనా విసుగే కాబట్టి దానికీ వంక కావాలి, పిన్నికి ఫోన్ చేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆవిడ కోడలి కబుర్లు అయ్యేసరికి మీ నడకా అయిపోతుంది.

నెల్లూరులో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళని నేను రంగనాయకులపేట వైపు రమ్మంటాను. రంగనాథస్వామి గుడి తలుపులు తీసే వేళకి అక్కడ ఉంటే, తడి గోనెసంచి పరుచుకుని పూలు కట్టే ఆవిడ కస్టమర్ మొహం కూడా చూడకుండా చేతులాడిస్తూ ఉంటుంది, రెండు మొగ్గలు అటూ రెండు ఇటూ పెట్టి నార ఒక మెలిక తిప్పి లాగడమే. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి, ఇంకో బెత్తెడు కొసరు జార్చి తెంపుతుంది. ఇంట్లోవాళ్ళకి ఆ మూర పూలే వంక. అక్కడి నుంచి పెన్న ఒడ్డు పట్టుకుని గాలిగోపురం కనిపించేంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగితే చాలు. సాయంత్రమైతే బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు గట్టు బాగుంటుంది, రొట్టెల పండగ రోజుల్లో తప్ప. ఆ రోజుల్లో అక్కడ నడవడం ఉండదు, జనమే మిమ్మల్ని మోసుకుపోతారు.

ఆదివారం మైపాడు వెళ్ళండి, ఊరి నుంచి 25 కిలోమీటర్ల లోపే. ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం ఉంది. పొడి ఇసుకలో అడుగు వెనక్కి జారి పిక్కలు పట్టేస్తాయి కాబట్టి అల వచ్చి పోయిన తడి ఇసుక మీదే నడవండి. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు కాస్త పల్లంలో పడుతుంది, అందుకని ఎంత దూరం వెళ్ళారో అంత దూరం అదే దారిన తిరిగొస్తే రెండు కాళ్ళకీ సమానమైపోతుంది. చేపలు తిరిగొచ్చేటప్పుడే కొనండి, ముందే కొంటే సంచి మోస్తూ నడవలేరు.

బూట్లు కొనడానికి సాయంత్రం వెళ్ళండి, పొద్దుటికన్నా పాదాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి, బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కన నడవండి, ఎదురొచ్చే లారీ కనిపిస్తే తప్పుకోవచ్చు. కుక్కలు మీదికొస్తే పరిగెత్తకండి, కళ్ళలోకి చూడకుండా నిలబడి మెల్లగా వెనక్కి జరగండి. ఒకవేళ కరిస్తే కారం, పసుపు లాంటివి పూయకుండా కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకి వెళ్ళండి.

పరాయి ఊళ్ళో అయితే మొదటి పొద్దున్నే లాడ్జి గదికి కాఫీ తెప్పించుకోకండి, కాఫీ వెతుక్కుంటూ బయటికి వెళ్ళండి. లాడ్జి బోర్డుని ఫోన్లో ఫొటో తీసుకుని, ఓ గోపురమో వాటర్ ట్యాంకో గుర్తు పెట్టుకుంటే తప్పిపోరు. దారి ఎవర్ని అడగాలో తెలిసుండాలి: ఆటో స్టాండులో అడిగితే అన్నీ దూరమే, పల్లెటూరి పెద్దాయన్ని అడిగితే రెండు కిలోమీటర్లు కూడా "ఇక్కడే నాయనా, కూతవేటు". టీ కొట్టు దగ్గర ఆగి, ఎంత దూరం అని కాకుండా నడిస్తే ఎంతసేపు అని అడగండి.

మన వైపు నుంచి తిరుమల మెట్లెక్కేవాళ్ళు ఎక్కువ. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే గానీ ఊపిరి తీసుకోనివ్వదు. అలిపిరి దారి 3,550 మెట్లు, మొదట్లో గాలిగోపురం దాకా నిటారు, మధ్యలో చదును, చివర్లో మోకాళ్ళ పర్వతం. మొదటిసారైతే నేను అలిపిరే అంటాను, కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు ఉంటుంది. అరుణాచలం గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. పగలు తారు కాలుతుంది కాబట్టి రాత్రి పూట మొదలుపెట్టండి, వెళ్ళే ముందు కొన్ని వారాలు మిద్దె మీద ఒట్టి కాళ్ళతో నడిచి అరికాళ్ళని అలవాటు చేసుకోండి. తిరుగు ప్రయాణం స్లీపర్ బస్సయితే కింద బెర్తే బుక్ చేసుకోండి, పిక్కలు పట్టేశాక పైకి ఎక్కడం ఎవరివల్లా కాదు.